స్టైలో విత్తనం చల్లినా మొలవలేదు, గొర్రెల మేతకి ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లా. 4 ఎకరాల ఎర్ర గరప నేల, బోరు లేదు. 60 గొర్రెలున్నాయి. పోయినేడు వాన పడ్డాక స్టైలో హమాటా అనే మేత మొక్క విత్తనం చల్లితే అక్కడక్కడా తప్ప మొలవలేదు, వచ్చినవి కూడా గొర్రెలు తినేశాయి. దీని బదులు ఇంకో మేత పంట లూసర్న్ వేయమంటారా?

జవాబు: లూసర్న్ వద్దండి, బోరు లేకుండా మీ నేలలో అది నిలబడదు. మీ వానకి, మీ గరపకి సరైనది స్టైలోనే, దాన్ని వదులుకోవద్దు.

మొలవకపోవడానికి కారణం విత్తనం పైపొర. చాలా గట్టిది, నీళ్ళు లోపలికి పోనివ్వదు, అందుకే తడి నేలలో కూడా అట్లాగే పడుంటుంది. 80 డిగ్రీల వేడినీళ్ళలో 4 నిమిషాలు ముంచి తీస్తే ఆ పొర మెత్తబడుతుంది. థర్మామీటర్ అక్కర్లేదు, 3 చెంబులు మరుగుతున్న నీళ్ళకి 1 చెంబు మామూలు నీళ్ళు కలిపితే దాదాపు అంతే వేడి వస్తుంది, విత్తనాన్ని పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి ముంచండి, టైమ్ కాగానే తీసి చన్నీళ్ళలో వేసి నీడలో ఆరబెట్టండి, ఎక్కువసేపు ఉంచితే మొలక చచ్చిపోతుంది. ఇంకోమాట, మొత్తం విత్తనానికి ఇట్లా చేయకండి, మూడో వంతు అట్లాగే ఉంచి కలిపి చల్లండి. మన దగ్గర మొదటి వాన తర్వాత ఎండు పట్టడం మామూలే కదా, అప్పుడు మొలిచినవి పోయినా మిగతావి తర్వాతి వానలకి లేస్తాయి.

చల్లేదైతే ఎకరానికి 4 కిలోలు, నాలుగైదింతలు ఇసుక కలిపి జూన్ చివర్లోనో జులైలోనో మంచి పదును చూసి చల్లి పైన కంప లాగితే చాలు. వేరుశనగ వేసినట్టు గొర్రుతో వేయొద్దు, సెంటీమీటర్ కన్నా లోతుకి పోతే మొలక పైకి రాదు. ఆఖరి దుక్కిలో ఎకరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 3 బస్తాలు వేయండి. యూరియా మాత్రం వద్దు, కలుపు గడ్డి లేచి దీన్ని తొక్కేస్తుంది. మొదటి రెండు నెలలు మొక్క చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అప్పుడు ఒక్కసారైనా కలుపు తీయించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మొదటి ఏడాది పూత పూసి విత్తనం రాలేదాకా ఒక్క గొర్రెని కూడా లోపలికి వదలొద్దు. హమాటా మొక్క రెండు మూడేళ్ళే బతుకుతుంది, తర్వాత చేను నిలిచేది ఆ రాలిన విత్తనంతోనే, కాబట్టి ముందు కంప కంచె వేసుకుని తర్వాతే విత్తనం కొనండి. రెండో ఏడాది నుంచి వానాకాలంలో కాసేపు మేపొచ్చు, గొర్రెలు ముందు పచ్చగడ్డి తింటాయి, దాంతో స్టైలోకి ఎండ తగులుతుంది. లూసర్న్ మేపితే వచ్చే కడుపుబ్బరం భయం దీంతో లేదు. గట్ల వెంబడి అంజన్ గడ్డి కూడా పెట్టుకోండి. 60 గొర్రెలకి ఏడాది పొడుగునా ఈ 4 ఎకరాలే చాలవు, బీడు మేతకి తోడుగా వాడుకోండి.

విత్తనానికి దూరం పోనక్కర్లేదు, మీ జిల్లాలోనే చాలామంది రైతులు పండిస్తారు, పంట ఎండి రాలాక నేల మీద చీపుర్లతో ఊడ్చి జల్లెడ పడతారు. కొనేముందు గుప్పెడు తీసి మట్టి, పుల్లలు ఎంతున్నాయో చూసుకోండి, 100 గింజలు వేడినీళ్ళలో ముంచి తడి గోనెలో చుట్టి వారం చూడండి, సగం కూడా మొలవకపోతే ఆ విత్తనం తీసుకోవద్దు.