ఉరుకుడు ఆపేసిన మేనకోడలికి

బిడ్డా,

మూడు వారాలు ఉరికినంక మోకాలి కింద నొప్పి లేచిందని, ఇగ నాతోని కాదంటున్నవని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీతోని అయితది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్తా, నింపాదిగ చదువు.

కొత్తగ మొదలుపెట్టినోళ్లకు కాళ్లు మొరాయించేది దాదాపు ఈ టైంలనే. గుండె, ఊపిరి కొద్ది వారాల్లనే అలవాటు పడతయి, ఆయాసం తగ్గుతది. ఎముకలు, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడనీకి మాత్రం నెలలు పడతది. ఊపిరి బాగనే ఆడుతున్నది గదా అని వేగం పెంచుతం. నిన్న పోసిన స్లాబు మీద ఇయ్యాల ఇటుకలు దించినట్టే అది.

ముందు ఆ నొప్పి సంగతి చూడు. కాలి ముందటి ఎముక లోపలి అంచు పొడుగునా వేళ్లతోని ఒత్తుకుంటపో. అరచేయంత మేర సలుపుతూ, కొంచెం నడిచినంక తగ్గితే అది ఒత్తిడి వాపు. వారం, పది రోజులు ఉరుకుడు ఆపి నడువు. రోజూ గోడ పట్టుకొని మడమలు లేపి దించు: మోకాలు నిటారుగ 15 సార్లు, మోకాలు కొద్దిగ వంచి 15 సార్లు, అట్ల మూడు విడతలు. వంచి చేసేది వదలకు, పిక్క లోపలి పొరకు బలం దాంతోనే వస్తది. అట్ల కాకుండ వేలు పెట్టినంత జాగల ఒక్క చోటనే పొడిచినట్టుంటే, ఒంటికాలి మీద గెంతితే ఓర్వలేకపోతే, రాత్రి పడుకున్నా లాగుతుంటే, ఎముకల డాక్టరు దగ్గరికి పో. ఎముకల సన్నని చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేల కనపడకపోవచ్చు. అందుకే ఎక్స్‌రే మంచిగ ఉన్నా నొప్పి పోకుంటే మళ్లీ చూపించుకోవాలె.

నొప్పి పోయినంక వారానికి మూడు రోజులే ఉరుకు, మధ్యల ఒక రోజు ఖాళీ ఉంచు. ముందు ఐదు నిమిషాలు జోరుగ నడువు. తర్వాత ఒక నిమిషం ఉరుకు, రెండు నిమిషాలు నడక, ఎనిమిది సార్లు. ఇట్ల రెండు వారాలు తేలికగ గడిస్తేనే రెండు నిమిషాల ఉరుకు, రెండు నిమిషాల నడక. అటెన్క మూడుకు ఒకటి, ఐదుకు ఒకటి. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించు. ఆగకుండ ఇరవై నిమిషాలు ఉరకనీకి మూడు నెలలు పట్టినా ఏం కాదు.

వేగానికి ఒకటే కొలత: పక్కనున్న మనిషితోని ఒక పూర్తి మాట ఆగకుండ చెప్పగలగాలె. చెప్పలేకపోతున్నవంటే ఎక్కువైంది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పోలీసు నౌకరీకి పెట్టే ఉరుకుడు పరీక్షలకు తయారయ్యే పిల్లలను చూసి వాళ్లతోని పోటీ పడకు. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌ల ఆడపిల్లలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు ఇచ్చిన్రు. అంటే స్టేడియం ట్రాక్ మీద చుట్టుకు 2 నిమిషాల 40 సెకన్లు. అది కూడ ఎగబడి ఉరికే వేగం కాదు. అంగలు చిన్నగ వెయ్యి, పాదం నడుము కిందికే పడాలె. కాలు ముందుకు చాపి మడమతోని గుద్దితే ఆ దెబ్బ నేరుగ ముందటి ఎముకకే తగులుతది. సిమెంటు రోడ్డు కంటె గ్రౌండ్‌ల మట్టి నేల నయం. బూట్లు సాయంత్రం పూట కొను, అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటది. వేళ్ల ముందు బొటనవేలు మందం జాగ ఉండాలె.

ఇగ మనసు సంగతి. "ఇయ్యాల వద్దు" అనే మాట ఎక్కువగ తొలి పది నిమిషాల్లనే వస్తది. అది సోమరితనం కాదు బిడ్డా. ఉరుకు మొదలైన వెంటనే కండలు ఆక్సిజన్ అడుగుతయి, గుండె, ఊపిరి ఆ లెక్కకు అందుకోనీకి కొంత టైం పడతది. అందాక ఛాతి బరువుగ, కాళ్లు సీసం లెక్క ఉంటయి. ఆ టైంల ఏ నిర్ణయం తీసుకోకు. రాత్రే బట్టలు, బూట్లు తలాపున పెట్టుకో, పొద్దుగాల బయటికి పోయి పది నిమిషాలు ఉండు. అప్పటికీ మనసు రాకుంటే వాపసు రా, ఆ రోజు కూడ లెక్కలకే వస్తది. నోటుబుక్కుల కిలోమీటర్లు రాయకు. తారీకు, నిమిషాలు, నిద్ర, నెలసరి రాయి చాలు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు ఉరకకు. రెండు వారాలు తప్పితే సగం నుంచి మొదలుపెట్టు. నెల దాటితే మొదటి నుంచే.

నలుగురు చూస్తరని భయమైతే వాకర్లు నిండుగుండే టైంకే పో, మొదట్ల తోడు తీసుకో. కుక్క వెంటబడితే ఉరకడం ఆపి నిలబడు, మెల్లగ పక్కకు జరుగు. రోడ్డు మీదైతే కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనపడేటట్టు ఉరుకు.

మే నెలల మన దిక్కు ఎండ 44 డిగ్రీలు దాటుతది, పొద్దున ఆరున్నరకల్లా ఇంట్ల ఉండాలె. లీటరు నీళ్లకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, మొత్తం ఒకేసారి కలుపు, సగం ప్యాకెట్ అరలీటరుకని అంచనాగ కలపకు. ఉరికేటప్పుడు తల తిరిగినా, చలి పుట్టినా, మాట తడబడినా వెంటనే ఆగి నీడకు పో, ఒళ్లంత నీళ్లు పోసుకో. మనిషికి సోయి తప్పుతున్నట్టుంటే 108కి ఫోన్ చెయ్యమని పక్కనోళ్లకు ముందే చెప్పి పెట్టు.

అన్నిటికంటె ముందు రక్త పరీక్ష చేయించుకో. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటె తక్కువుంటే రక్తహీనతే, అప్పుడు ఎంత మెల్లగ ఉరికినా ఆయాసమే. పిల్లలు దాన్నే చేతగానితనం అనుకొని మానుకుంటరు, నాకు బాధయ్యేది అక్కడనే. డాక్టరు ఐరన్ గోళీలు రాస్తే చాయ్‌తోని వేసుకోకు, చాయ్‌కి, గోళీకి కనీసం గంట ఎడం ఉండాలె. నిమ్మకాయ నీళ్లతోని మంచిగ పడతది. ఉరికొచ్చినంక గుడ్డో, పెసర గుగ్గిళ్లో తిను. బరువు తగ్గాలని కడుపు మాడ్చుకున్నవనుకో, నెలసరి ఆగుతది, ఎముకలు పలుచబడతయి. మూడు నెలలు రాకుంటే ఉరుకుడు ఆపి డాక్టరుకు చూపించు.

పరీక్ష కాగితం రాంగనే నాకు వాట్సాప్‌ల పెట్టు. దాన్ని చూసే ఏ వారం నుంచి మొదలుపెట్టాల్నో చెప్తా.

మీ అత్తమ్మ
హన్మకొండ