గట్టి వాన పడితే 2009 వరద కళ్ల ముందుకొస్తోంది.. అంతా చెప్పుకోకుండా నయం కాదా?

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు వరదప్పుడు నాకు పన్నెండేళ్లు. నీళ్లు మెట్లెక్కి వస్తుంటే చూస్తూ రాత్రంతా మిద్దె మీదే ఉన్నాం. ఇప్పటికీ గట్టి వాన పడితే గుండె దడ, బురద వాసన వస్తున్నట్టు అనిపిస్తుంది. నిద్ర పట్టదు. మా ఆయనేమో 'ఎప్పటిదో కదా, మర్చిపో' అంటారు. కౌన్సెలింగ్‌కు వెళ్తే మొదటి నుంచీ అంతా చెప్పిస్తారని భయం. మెల్లగా నయం చేసే పద్ధతులున్నాయా?
– ఓ సోదరి, కర్నూలు

జవాబు: ఉన్నాయమ్మా. మంచి థెరపిస్టు ఎవరూ మొదటి రోజే అంతా చెప్పమని బలవంతపెట్టరు. ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నది మీ ఇష్టం. చెయ్యెత్తితే ఆపేద్దామని ముందే మాట్లాడుకోవచ్చు. ఇన్నేళ్లయ్యాక ఏం లాభం అనుకోకండి. మనసుకు తగిలిన పాత గాయాలకూ థెరపీ పనిచేస్తుంది.

మీరు రాసినవి పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే సమస్య) లక్షణాల్లా ఉన్నాయి. అయితే ఉత్తరం చూసి నిర్ధారించలేం, సైకియాట్రిస్టు మిమ్మల్ని చూసి చెప్పాలి. గుండె దడకు థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు కాబట్టి ఆ పరీక్షలూ చేయించుకోండి.

మీలాంటి వారికి నేను ముందుగా చెప్పేది ఈఎండీఆర్ గురించి. అంటే కళ్ల కదలికల సాయంతో బాధపెట్టే జ్ఞాపకాలకు చేసే చికిత్స. అమెరికా సైకాలజిస్టు ఫ్రాన్సీన్ షాపిరో 1980ల చివర్లో దీన్ని రూపొందించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దీన్ని సిఫారసు చేసింది. థెరపిస్టు మీ ఎదురుగా కూర్చుని రెండు వేళ్లను అటూ ఇటూ కదుపుతారు. నీళ్లు మెట్లెక్కిన ఆ ఒక్క క్షణాన్ని మనసులో పెట్టుకుని మీరు కళ్లతో ఆ వేళ్లవెంట వెళ్లాలి. సుమారు అర నిమిషం. తర్వాత ఊపిరి తీసుకుని, ఏమనిపించిందో రెండు మాటల్లో చెబితే చాలు. మళ్లీ ఇంకోసారి. కళ్ల కదలిక ఎలా పనిచేస్తుందనే దానిపై నిపుణుల్లో ఇంకా వాదన ఉంది, కానీ చాలామందికి గుణం కనిపిస్తుంది. జ్ఞాపకం చెరిగిపోదు, అది వచ్చినప్పుడు పట్టే వణుకు తగ్గుతుంది. యూట్యూబ్ చూసి సొంతంగా చేయొద్దు, శిక్షణ పొందినవారి దగ్గరే చేయించుకోవాలి. మీకు ఫిట్స్ ఉన్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి.

ఇలాంటి మానసిక గాయాల (ట్రామా) కోసం చేసే సీబీటీ, అంటే ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకునే చికిత్స కూడా అంతే మంచిది, కాకపోతే అందులో మాట్లాడేది కాస్త ఎక్కువ.

ఈలోగా వాన మొదలైనప్పుడు రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించండి. గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి అనండి. ఇవాళ తేదీ చెప్పుకోండి. మీరిప్పుడు ఎక్కడున్నారో మెదడుకు తెలియజేయడమే ఇది. మీవారికీ నేర్పించండి. 'మర్చిపో' అనే బదులు ఆయన పక్కన కూర్చుని 'ఆ గోడ మీద ఏముంది చెప్పు' అని అడిగితే మీకు ఎంతో ఊరట.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనకండి. అలవాటు పడతారు, అసలు సమస్య అలాగే ఉంటుంది. అవసరమైతే డాక్టరే సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తారు.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈఎండీఆర్ చేసేవారు ఎక్కడున్నారో అక్కడే అడగండి. బయటికి వెళ్లలేని రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఉచితం. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారే దాకా ఆగకుండా ఆ నంబరుకు చేయండి, లేదా ఇంట్లోవాళ్లను లేపి ఆస్పత్రికి వెళ్లండి.