మీరడిగారు: పిల్లులు, హత్యలు, మన భీమిలి

పోయిన సంచికలో పిల్లి డిటెక్టివ్ నవలల గురించి ఏదో మాటవరసకి రెండు లైన్లు రాశాం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం వాటి మీదే. వేయగలిగినన్ని వేస్తున్నాం, మిగతావాళ్లు అలగొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ ఓ సంచీడు ఇంగ్లీషు నవలలు మోసుకొచ్చింది. అన్నిటి పేర్లూ ‘ద క్యాట్ హూ’ అనే మొదలవుతున్నాయి. ఏది ముందు చదవాలి? మధ్యలోంచి మొదలుపెడితే అర్థమవుతాయా?
– ఒక రిటైర్డ్ టీచరు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అదృష్టవంతులు మేడమ్, వేసవి మొత్తం గడిచిపోతుంది. అవి లిలియన్ జాక్సన్ బ్రౌన్ రాసిన 29 నవలలు, మొదటిది 1966లో వచ్చింది, ఆఖరిది 2007లో. క్విలరన్ అని బాగా మీసాలున్న ఒక పత్రికా విలేకరి, ఆయన దగ్గర కోకో, యమ్ యమ్ అని రెండు సయామీ పిల్లులు. కోకో షెల్ఫ్ మీద నుంచి ఓ పుస్తకం కిందికి తోసేస్తాడు, లేదా అర్ధరాత్రి గొంతు చించుకుని అరుస్తాడు, ఇక్కడ ఈయనకి మీసం జిలపెడుతుంది, ఏదో ఉందే అనుకుంటాడు, అంతే, కథ నడిచిపోతుంది.

మొదటి మూడు నవలలూ పెద్ద ఊళ్లో జరుగుతాయి. 1968లో మూడోది వచ్చాక 18 ఏళ్లు ఒక్కటీ లేదు. డిటెక్టివ్ నవలంటే రక్తం, బూతు ఉండాల్సిందేనని ప్రచురణకర్తలు అనుకునే రోజులవి, ఈవిడేమో వాటి జోలికి పోని మనిషి. 1986లో మళ్లీ మొదలుపెట్టి, కాస్త ఆగి హీరోని ఉత్తరాన ఎక్కడో విసిరేసినట్టుండే పికాక్స్ అనే చిన్న ఊరికి పంపించింది. అసలు రుచి అక్కడుంది. మీకు ఊరి కబుర్లు ఇష్టమైతే 1987లో వచ్చిన వాటితో మొదలుపెట్టి, తర్వాత వెనక్కి వెళ్లి మొదటి మూడూ చదవండి, కొంప మునిగేదేం లేదు. చివరి నాలుగైదు మాత్రం నీరసం, అమ్మాయి తెచ్చింది కదా అని బలవంతాన పూర్తి చేయక్కర్లేదు.

ఆవిడ డెట్రాయిట్‌లో ఒక దినపత్రికలో దాదాపు 30 ఏళ్లు ఉద్యోగం చేసింది. పెంచుకున్న సయామీ పిల్లి పదో అంతస్తు నుంచి కిందపడి చచ్చిపోయింది, ఎవరో తోసేశారని ఇరుగుపొరుగు అన్నారు. ఆ దుఃఖంలోంచి ఒక కథ రాసింది, పిల్లుల కథలు అలా మొదలయ్యాయి. ఆవిడ మనుషుల్ని చంపినప్పుడు కూడా పిల్లులకి మాత్రం భలే జాగ్రత్తగా అన్నం పెట్టడం ఎందుకో ఇది తెలిశాక నాకర్థమైంది.

ప్రశ్న: పిల్లి హత్య కేసు తేల్చడమేంటండీ, చిన్నపిల్లల కథ కాకపోతే? మా ఆవిడ ఈ పుస్తకాల్లో పడి మొన్న నాకు అన్నం పెట్టడం కూడా మర్చిపోయింది.
– ఒక స్టీల్ ప్లాంటు ఉద్యోగి, గాజువాక

జవాబు: గిన్నెలు ఎక్కడుంటాయో మీకూ తెలుసు కదా సార్, వడ్డించుకుని తినండి. ఇక పిల్లి సంగతి. మీరనుకున్నట్టు అది భూతద్దం పట్టుకుని తిరగదు. తెనాలి రామలింగడి పిల్లి కథ మీరూ వినే ఉంటారు. రాయలవారు పిల్లుల్ని బాగా మేపండని తలా ఒక ఆవునిచ్చారు, చివర్లో రామలింగడి పిల్లి పాలగిన్నె చూడగానే తోక ముడిచి పరుగో పరుగు. ఆ పిల్లి సాక్ష్యం చెప్పిందా? లేదు. ఎప్పుడో నాలుక కాలింది కాబట్టి పారిపోయింది, చూసినవాళ్లు ఆరా తీస్తే పాలు ఎవరు తాగేశారో బయటపడింది. మంచి పిల్లి నవలలన్నీ చేసేది ఇదే. పిల్లి తన గోల తనది అన్నట్టుంటుంది, దాన్ని చూసి లెక్క కట్టేది మనిషి.

అందరూ ఇలాగే రాయరనుకోండి. 1990లో మొదలైన మిసెస్ మర్ఫీ సిరీస్‌లో పిల్లులూ కుక్కా వాటిలో అవి మాట్లాడుకుంటాయి, వాటి యజమానురాలు వర్జీనియాలో క్రోజే అనే చిన్న ఊళ్లో పోస్టాఫీసు నడిపే ఆవిడ, ఆవిడకి మాత్రం ముక్క అర్థం కాదు. రచయిత్రి రీటా మే బ్రౌన్ తన పేరు పక్కన తన పిల్లి పేరు కూడా వేయించింది, అదొక సరదా. జపాన్‌లో 1978 నుంచి జిరో అకాగావా రాసిన సిరీస్‌లో పోలీసాయన రక్తం చూస్తే కళ్లు తిరిగే రకం, ఆయన్ని దారిలో పెట్టేది హోమ్స్ అనే మూడు రంగుల ఆడపిల్లి. మూడు రంగులంటే దాదాపు ఎప్పుడూ ఆడదే, అది జన్యువుల సంగతి. నన్నడిగితే మాట్లాడే పిల్లుల కంటే నోరు విప్పని పిల్లులే నయం, నోరు విప్పితే ఇక మిస్టరీ ఏముంది?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడు. మా భీమిలిలో జరిగే పిల్లి డిటెక్టివ్ కథ రాయాలనుంది. ఎలా మొదలుపెట్టాలి మేడమ్?
– ఒక విద్యార్థి, భీమునిపట్నం

జవాబు: భీమిలి కంటే మంచి ఊరు నీకు దొరకదు తమ్ముడూ. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చి వాళ్ల సమాధులు, దీపస్తంభం, గోస్తని సముద్రంలో కలిసేచోటు, కాగితాల మీద ఇప్పుడు గ్రేటర్ విశాఖలో కలిసిపోయినా సాయంత్రానికి ఎవరింట్లో ఏం కూరో ఎదురింటికి తెలిసిపోయే ఊరు. ఇలాంటి కథకి కావలసింది ఆ తెలిసిపోవడమే. హత్య మొదటి పేజీల్లోనే, తెర వెనక జరిగిపోవాలి, రక్తం వద్దు. ఆ తర్వాతదంతా అరుగుల మీద, చేపల బుట్టల దగ్గర నడవాలి.

డిటెక్టివ్‌గా ఎస్.ఐ.ని పెట్టకు. నేనైతే పోస్టాఫీసు ఆర్.డి., అంటే నెలనెలా కట్టే పొదుపు, కట్టించుకునే ఏజెంటమ్మని పెడతాను. ప్రతి నెలా ఇంటింటికీ వెళ్తుంది, లోపల కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు, ఎవరు సగంలో ఖాతా మూసేశారో, ఎవరికి ఉన్నట్టుండి డబ్బొచ్చిందో, ఏ కోడలు మొగుడికి చెప్పకుండా కడుతోందో ఆవిడకి తెలిసినంతగా పోలీసులకి తెలియదు. ఎవరూ అనుమానించరు కూడా.

ఇక ఆధారం. పిల్లికి నిజంగా ఉన్న గుణంలోంచే అది పుట్టాలి. కుప్పింటాకు చూశావు కదా, గోడ వారన, కాలవ గట్టున ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది, దురదకి పసుపుతో నూరి రాస్తారు. దాన్ని వేరుతో పీకితే ఆ వేరు వాసనకి పిల్లికి మత్తెక్కుతుంది. ఇప్పుడు ఇలా అనుకో. ఒక ముసలాయన చనిపోయాడు, ఆయన పెరట్లో కుప్పింటి మొక్కలు పీకేసి, కింద పాతిపెట్టినదేదో ఎవరో తవ్వుకుపోయారు. మర్నాడు పలకరింపుకి ఒక పెద్దమనిషి వచ్చి వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, గుడ్డసంచీ కాళ్ల దగ్గర పెట్టాడు. కొత్తవాళ్లు వస్తే మంచం కింద దూరే ఆ ఇంటి పిల్లి మెల్లగా వచ్చి సంచీ అంచుకి చెంప రుద్దింది. మళ్లీ రుద్దింది. పక్కకి ఒరిగిపోయి, సంచీ పిడిని ముందుకాళ్లతో పట్టుకుని వెనకకాళ్లతో తన్నడం మొదలుపెట్టింది, గడ్డం మీద చొంగ. ‘మీరంటే ఎంతిష్టమో చూడండి బాబయ్యా’ అని ఇంటావిడ నవ్వుతుంది. ఏజెంటమ్మ మాత్రం నవ్వదు, ఎందుకంటే మొన్న మనవడి దురదకని ఆవిడ తన పెరట్లో అదే మొక్క పీకినప్పుడు వాళ్ల పిల్లీ ఇలాగే పొర్లింది. సంచీ అడుగున వేలెడంత వేరుముక్క ఉందని పాఠకుడికి అప్పుడే చెప్పేయకు.

ఊరి కాలెండరు కూడా వాడుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. మే నెలలో మీ పిల్లి లోతు సముద్రంలో దొరికే పెద్ద చేప తల, అదీ ఐసు తగలని తాజాది, ఈడ్చుకొచ్చి మెట్ల మీద పడేసిందంటే ఎవరో రాత్రిపూట బోటు తీసినట్టే. లేదంటే చేపలమ్మే ఆవిడ చేత ‘ఏటమ్మా, మీ పిల్లి నిన్నటి సంది నా బుట్ట కాడికి రానేదు’ అనిపించు, ఆ ఒక్క మాటతో ఒక అధ్యాయం నడుస్తుంది.

పిల్లి బెల్లం పాకం రుచి మరిగి నాకిందని మాత్రం రాయకు. పిల్లికి తీపి తెలీదు, ఆ రుచికి కావలసిన జన్యువు దానికి పనిచేయదని 2005లో తేల్చారు. కోవా ఎత్తుకెళ్తే అది పాల కోసం.

ఇంకొకటి, పిల్లి చూపించిందని ఎస్.ఐ. గారు కేసు డైరీలో రాసుకోలేరు. అనుమానాస్పద మృతి కేసు, శవ పంచనామా, విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో పోస్ట్‌మార్టం, వీటికి కథలో నాలుగు లైన్లు చాలు కానీ అవి ఉండాలి. చివర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి హంతకుడి చేత గడగడా ఒప్పించేస్తుంటారు చాలామంది. పోలీసుల ముందు ఒప్పుకున్న ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. కాబట్టి పిల్లి ఊరికే దారి చూపించాలి, చేతికి దొరికే వస్తువు ఏజెంటమ్మకి వేరే దొరకాలి. రాసి పంపించు, చదువుతాం.

ప్రశ్న: తెలుగులో ఇలాంటివి లేవా?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: తెలుగులో డిటెక్టివ్ అంటే కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు, వాళ్ల వెనక ఒక తరం తరమే తిరిగింది. వాళ్లకి పిల్లి అవసరం పడలేదు. పై ఉత్తరం రాసిన భీమిలి కుర్రాడి మీద పెట్టుకోండి ఆశ.

ప్రశ్న: మా పిల్లి రోజూ అర్ధరాత్రి వంటింటి గోడకేసి కన్నార్పకుండా చూస్తూ కూర్చుంటోంది. అక్కడేదో ఉందని మా అత్తగారు నిమ్మకాయలు కడుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, గోపాలపట్నం

జవాబు: ఉందమ్మా, ఎలుక ఉంది. ఎలుకలు మన చెవికి అందనంత సన్నటి గొంతుతో కీచుమంటాయి, పిల్లికి అవి చక్కగా వినిపిస్తాయి. మనం మహా అయితే 20 వేల హెర్ట్జ్ దాకా వింటాం, పిల్లి 60 వేలు దాటి వింటుంది. అత్తగారిని నిమ్మకాయలు కట్టుకోనివ్వండి, గొడవెందుకు. మీరు మాత్రం గ్యాస్ బండ వెనక, సింకు కింద పైపు దూరే కంత చూసి సిమెంటుతో మూయించండి, బియ్యం డబ్బా మూత గట్టిగా బిగించండి. ఎలుకల మందు మాత్రం పెట్టొద్దు, అది తిన్న ఎలుకని మీ పిల్లి తింటే పిల్లికీ ప్రమాదమే.