లాంథనం లెక్క ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నానండీ. లాంథనం ఆక్సలేట్, సీరియం ఆక్సలేట్ ఒక్కో గ్రాము తీసుకుని, వేర్వేరు క్రూసిబుల్స్‌లో (వేడిని తట్టుకునే చిన్న గిన్నెలు) పెట్టి, మఫుల్ ఫర్నేస్ అనే ల్యాబ్ కొలిమిలో 600 డిగ్రీల దగ్గర కాల్చాను. మిగిలిన ఆక్సైడ్ బరువు చూస్తే సీరియం లెక్క సరిపోయింది, 0.475 గ్రాములు వచ్చింది. లాంథనం మాత్రం 0.451 రావాల్సింది 0.51 వచ్చింది. తూకంలో ఏమైనా తేడా చేశానా? ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తూకం బాగానే ఉందమ్మా, కంగారు పడకండి. ఆ 0.51లోనే జవాబు ఉంది. పది నీటి అణువులున్న లాంథనం ఆక్సలేట్ ఒక గ్రాము కాలి పూర్తిగా ఆక్సైడ్ అయితే 0.451 మిగలాలి, ఆక్సైడ్, కార్బొనేట్ రెండూ కలిసున్న ఆక్సీకార్బొనేట్ దగ్గరే ఆగిపోతే 0.512. మీది అక్కడే ఆగింది. రెండూ తెల్లటి పొడులే కాబట్టి చూసి చెప్పలేం. చిటికెడు పొడి మీద రెండు చుక్కలు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూడండి, బుసబుసా పొంగితే కార్బొనేట్ ఉన్నట్టే.

వేడి చేస్తే ముందు నీరు పోతుంది, 400 డిగ్రీల చుట్టుపక్కల ఆక్సలేట్ విడిపోయి కార్బన్ మోనాక్సైడ్, డైఆక్సైడ్ బయటికొస్తాయి. అయితే లాంథనం, సీరియం లాంటి లాంథనైడ్ మూలకాల +3 అయాన్లలో (మూడు ఎలక్ట్రాన్లు పోయినవి) లాంథనందే పెద్ద సైజు, దాని ఆక్సైడ్‌కి క్షార గుణం ఎక్కువ, అందుకే కొంత కార్బన్ డైఆక్సైడ్‌ని గట్టిగా పట్టుకుని 600 దగ్గర కూడా వదలదు. సీరియం సంగతి వేరు. గాలిలో కాలుతూనే +3 నుంచి +4కి మారిపోతుంది, సీరియం డైఆక్సైడ్‌కి కార్బన్ డైఆక్సైడ్‌ని అలా పట్టి ఉంచే గుణం లేదు, కాబట్టి తక్కువ వేడికే పని అయిపోతుంది.

ఈసారి 900 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి, తూచి, మళ్ళీ కాసేపు కాల్చి తూచండి, బరువు మారకపోతేనే అయినట్టు. మూత బిగించొద్దు, గాలి ఆడకపోతే కార్బన్ మిగిలి పొడి బూడిద రంగుకి తిరుగుతుంది. చల్లార్చడం డెసికేటర్‌లోనే (తేమ తగలకుండా ఉంచే మూత పాత్ర), తూకం వెంటనే. లాంథనం ఆక్సైడ్‌ని రాత్రంతా బల్ల మీద వదిలేస్తే గాలిలోని తేమనీ కార్బన్ డైఆక్సైడ్‌నీ లాక్కుని హైడ్రాక్సైడ్, కార్బొనేట్‌గా మారుతుంది, బరువు మళ్ళీ పెరుగుతుంది. కొన్న సీసాలోని ఆక్సైడ్‌నైనా సరే, కాల్చకుండా తూచడం నాకు అస్సలు నచ్చదు.

ప్రాక్టికల్స్‌లో ఇంకో లాంథనైడ్ ప్రసియోడిమియం ఇచ్చారనుకోండి, లేతాకుపచ్చ ఆక్సలేట్ కాలి నల్లగా వస్తుంది, పాడైందని పారేయకండి. గాలిలో కాల్చిన ఆక్సైడ్‌లో 6 ప్రసియోడిమియం పరమాణువులకి 11 ఆక్సిజన్లుంటాయి, లెక్క దాంతోనే కట్టండి.