వైట్‌నర్ గురించి రాయి

వలసరవాక్కం, చెన్నై

అమ్మాయ్,

నీ వ్యాసం పదకొండు పేజీలూ చదివాను. ‘ది సిరియన్ బ్రైడ్’ సినిమా మీద తెలుగులో ఇంత కష్టపడి రాసినవాళ్ళు నాకింకెవరూ తగల్లేదు. మెచ్చుకోలు ఇంతే. ఇక తిట్లు.

“సరిహద్దులు మనసుల్ని విడదీయలేవు” అని నాలుగు చోట్ల రాశావు. పెన్సిలుతో సున్నాలు చుట్టాను. ఎందుకు విడదీయలేవమ్మా? 1967 యుద్ధంలో సిరియా గోలన్ కొండలు ఇజ్రాయెల్ చేతిలోకి పోయాయి. 1981లో తమ చట్టాన్ని అక్కడ అమల్లో పెట్టి కలిపేసుకున్నారు. ఆ కొండల్లోని మజ్దల్ షమ్స్ ఊరి పిల్ల, ద్రూజ్ అనే అరబ్బు మతవర్గానికి చెందిన మోనా, సిరియాలో ఉన్న పెళ్ళికొడుకు కోసం ఆ సరిహద్దు గీత దాటితే ఇక పుట్టింటి గడప తొక్కలేదు. ఆ ఇల్లంతా పెళ్ళిరోజున ఏడుపుమొహంతో ఉండేది అందుకే. అదంతా చూసొచ్చి ఈ వాక్యం ఎలా రాయబుద్ధేసింది?

రెండో పేజీ నుంచి ఆరో పేజీ దాకా ఊళ్ళోవాళ్ళ అభిప్రాయాలు పేర్చావు. ఇజ్రాయెల్ దర్శకుడికి ఈ కథ చెప్పే హక్కుందా అని ఒకరు, రాజకీయం మెత్తబడిందని ఒకరు, ఉపకథలు ఎక్కువయ్యాయని ఇంకొకరు. మధ్యలో నువ్వు కోర్టు బంట్రోతులా అందర్నీ పేరుపేరునా పిలిచి పక్కన నిలబడ్డావు. హక్కు గురించి అంత రాసినదానివి, ఆ దర్శకుడు ఎరాన్ రిక్లిస్‌తో కలిసి ఆ స్క్రిప్టు రాసింది సుహా అరాఫ్ అనే పాలస్తీనా ఆవిడ అన్న సంగతి ఎందుకు వదిలేశావు? 2004లో మాంట్రియల్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చిందని మాత్రం మర్చిపోలేదు. వస్తే?

అసలు సంగతి చెప్తాను. ఆ సినిమాలో సరిహద్దంటే ఒక రబ్బరు స్టాంపు. ఇజ్రాయెల్ అధికారి మోనా కాగితాల మీద దేశం విడిచి వెళ్తున్నట్టు స్టాంపు కొడతాడు. అవతల సిరియా వాడు ఒప్పుకోడు. గోలన్ మాది, మా నేల మీంచి మా నేల మీదికొచ్చే పిల్లకి వాళ్ళ స్టాంపేమిటంటాడు. ఒప్పుకుంటే కొండలు వాళ్ళవేనని ఒప్పుకున్నట్టే కదా. రెడ్‌క్రాస్ ఆవిడ ఎండలో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి స్టాంపు మీద వైట్‌నర్ పూయిస్తుంది. అమ్మయ్య అనుకునేలోపు అవతల డ్యూటీ మారుతుంది. కొత్తగా వచ్చినవాడికి ఈ బేరం సంగతే తెలియదు. రెండు దేశాల మధ్య తగువు ఒక వైట్‌నర్ సీసా దాకా దిగొచ్చింది చూడు! నీ పదకొండు పేజీల్లో ‘సరిహద్దు’ అన్న మాటకి లెక్కలేదు. వైట్‌నర్ ఒక్కసారీ లేదు.

నేను ఇలా వస్తువుల్ని పట్టుకుని వేలాడటం కొత్తేమీ కాదు. డెబ్భైల్లో ఇదే ఊళ్ళో ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. బతిమాలితే ఒక సమీక్ష రాయనిచ్చారు. ఆ సినిమాలో తల్లి అన్నం వడ్డిస్తూ గరిటెని గిన్నె అంచుకి మూడుసార్లు కొడుతుంది, కోపం పైకి చెప్పలేక. దాని మీద ఒక పేరా రాశాను. ఎడిటర్‌గారు అది కొట్టేసి, ‘మానవీయ విలువలకు అద్దం పట్టిన చిత్రం’ అని స్వహస్తాలతో రాశారు. ప్రూఫు దిద్దింది నేనే. ‘అద్దం’లో ఒత్తు పోతే పెట్టాను. యాభై ఏళ్ళయింది, ఆ ఒత్తు ఇంకా గుచ్చుకుంటోంది. ఇప్పుడైతే సమీక్ష చివర సినిమాకి మార్కుల్లా రెండు ముప్పావు చుక్కలట. ఆ పావు ఎక్కడ కోస్తారో!

నీ చివరి పేజీలో మన ఆంధ్రా-తమిళనాడు సరిహద్దుతో పోలిక చూసి నవ్వొచ్చింది. తర్వాత మా పెద్దత్త గుర్తొచ్చింది. నగరిలో పుట్టి తిరుత్తణికి కాపురానికి వెళ్ళింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, నగరి ఆంధ్రలో ఉండిపోయింది. ఆ రోజు అత్తకేమీ తెలియలేదు. ఎప్పుడో తర్వాత పొలం తాలూకు కాగితం తమిళంలో వస్తే, అది పట్టుకుని బస్సెక్కి మా ఇంటికొచ్చింది. నాన్నకీ తమిళం మాటే గాని చదవడం రాదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ అరుగు మీద కూచుని దాన్ని తిప్పి తిప్పి చూశారు. సాయంత్రం అత్త మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయింది.

మోనాకి ఆ తిరుగుబస్సు లేదు. పోలిక పెట్టాలనుకుంటే ఆ బస్సు దగ్గర ఆగి రాయి.

ఆఖర్న మోనా ఒంటరిగా నడిచి వెళ్ళడాన్ని స్త్రీ విముక్తి అన్నావు. నాకు నమ్మకం లేదు. అవతల ఉన్నది టీవీలో తప్ప చూడని మొగుడు. ఆ పిల్ల వెళ్ళేది ఎక్కడికో, అక్కడ ఆమెకేమవుతుందో సినిమా చెప్పలేదు. అక్క అమల్ ఇటు తిరిగి నడవడం గురించైతే నీతో వాదించను. ఆమెకి చదువుకోవాలన్న కోరికుంది, తన మొగుడితో పోరుంది, అదంతా మనం చూశాం.

డబ్బులిస్తారా, ఫెస్టివల్ పాస్ ఎలా దొరుకుతుంది అని అడిగావు. తర్వాత మాట్లాడదాం.

తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది: “స్టాంపు కొట్టినాయనకి ఆమె మీద కోపమేమీ లేదు.” అది చదివాక లేచి కాసేపు వరండాలో తిరిగాను. అక్కణ్ణించి మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. నాలుగు పేజీలు చాలు. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, వచ్చే నెల శుక్లాలు తీయించుకోవాలి.

ఆశీస్సులతో,
మాస్టారు