ఫారం టీ కొట్లో కూర్చుని రాయకు

ఒరే చిన్నా,

ఆటోనగర్‌లో ఏదో ల్యాబ్‌లో శాంప్లింగ్ పనికి, అదే కాలవల్లో నీళ్ళు సీసాల్లో పట్టి టెస్టుకి తెచ్చే పనికి చేరావంట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా తర్వాత మనింట్లో ఈ ఐస్‌బాక్సులు మోసేవాడు ఒకడు తయారయ్యాడని బ్రాడీపేటలో కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాలే. కానీ మొదటి వారమే బుడమేరు గట్టుకి పంపుతున్నారనేసరికి రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నీకు ఈత రాదు. బకెట్‌కి తాడు కట్టి గట్టు మీదనుంచే తోడు, పక్కన ఇంకో మనిషి లేకుండా అసలు వెళ్ళకు. మ్యాన్‌హోల్ మూత తీసి తల లోపల పెట్టావని తెలిస్తే నేనే బస్సెక్కొచ్చి తంతా. లోపల మురుగులోంచి వచ్చే గ్యాస్ మొదట కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలీదు, అప్పుడే మనుషులు పోయేది.

మిగతావి నీకు ట్రైనింగ్‌లో చెప్తారు. లేబుల్ సీసా ఒంటికి అంటించు, మూతకి కాదు, ల్యాబ్‌లో మూతలు తీశాక ఏది దేనిదో దేవుడికి కూడా తెలీదు. జెల్ పెన్ను వద్దు, ఐస్ కరిగితే మొత్తం కారిపోద్ది. మెటల్స్‌ టెస్టు చేసే శాంపిల్‌కి నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 లోపుకి దించు, బీఓడీకి, అదే నీళ్ళలో కుళ్ళే మురికి ఎంతుందో చెప్పే టెస్టుకి మాత్రం యాసిడ్ వెయ్యకు, ఐస్‌లో పెట్టి పరిగెత్తు. బాక్టీరియా సీసాని కాలవ నీళ్ళతో కడక్కు, క్లోరిన్ విరగ్గొట్టే మందు ముందే అందులో వేసి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా ల్యాబ్‌లో ఒకాయన ఉండేవాడు, పేరెందుకులే, పనిమంతుడే, ఎండా వానా చూసేవాడు కాదు. బందరు కాలవలోకి ఒక ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు పట్టుకొచ్చాడు, లీగల్ శాంపిల్, అంటే కోర్టులో సాక్ష్యంగా పెట్టేది. 1974 వాటర్ యాక్ట్ సెక్షన్ 21 అంటారు చూడు, యజమానికి అక్కడే నోటీసు ఇచ్చి, శాంపిల్ రెండు భాగాలు చేసి, సీలేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అదంతా చేశాడు పాపం. ఏ సీసా ఎక్కడ, ఎన్నింటికి పట్టాడో, ఎవరి చేతికిచ్చాడో రాసే ఫారాలు మాత్రం సాయంత్రం టీ కొట్లో కూర్చుని అన్నీ ఒకేసారి గుర్తుతెచ్చుకుని నింపాడు. టెస్టులో బీఓడీ ఎంతొచ్చిందో చూసి మేమే ముక్కున వేలేసుకున్నాం. తీరా కోర్టులో అవతలి లాయరు ఆ ఫారాలు జడ్జిగారి ముందు పరిచాడు. ఫ్యాక్టరీ అవుట్‌లెట్ దగ్గర పట్టిన టైం 11.40, కాలవ దిగువన ఎక్కడో ఇంకో పాయింట్ దగ్గర కూడా 11.40. ఒకే మనిషి రెండు చోట్లా ఎలా ఉన్నాడండీ అన్నాడు. పైగా కాలవ గట్టు మీద రాసిన కాగితానికి ఒక్క తడి మరక లేదు, ఉన్నది టీ గ్లాసు గుండ్రటి మరక! హాల్లో అందరూ నవ్వారు. నన్నూ పిలిచారు, బాక్సు నా చేతికి ఎన్నింటికొచ్చింది, సీలు బాగుందా అనేదే నేను చెప్పగలిగింది, అంతకు ముందు సంగతి నాకేం తెలుసు. కేసు పోయింది. నీళ్ళు మాత్రం నిజంగానే విషంలా ఉన్నాయిరా, అదే ఇప్పటికీ నా బాధ. ఆయన ఆ తర్వాత ఫీల్డుకి పోనని బతిమాలుకుని ల్యాబ్‌లోనే ఉండిపోయాడు.

అందుకే సీసా మూత బిగించగానే వాచీ చూసి టైం వెయ్, ఎంత చినుకులు పడుతున్నా సరే. తప్పు పడితే ఒక్క గీత గీసి పక్కన పొట్టి సంతకం పెట్టు, వైట్‌నర్ జోలికి పోకు. బాక్సు డ్రైవర్‌కి ఇచ్చినా ఆయన సంతకం, టైం ఉండాలి, మనోడే కదా అని వదిలెయ్యకు. ఆర్టీసీ బస్సు పార్సిల్‌లో వేస్తే ముందే సీలు ఫోటో తీసుకుని, ఆ రసీదు ఫారానికి పిన్ను కొట్టు. ల్యాబ్‌లో తీసుకునేవాళ్ళు చూడకుండా సంతకం గీకుతుంటే ఆపి చూపించు. విసుక్కుంటారు, నేనూ విసుక్కునేదాన్నిలే, పట్టించుకోకు.

నిన్ను తిడుతున్నానని అనుకోకు నాన్నా, చిన్నప్పుడు నీ హోంవర్క్ కూడా రాత్రి పదింటికేగా రాసేవాడివి, ఆ అలవాటు తెలిసే నా భయం. గొడుగు, గ్లూకోజ్ ప్యాకెట్ బండిలో పెట్టుకో. ఆదివారం గుంటూరు వచ్చేటప్పుడు మీ ల్యాబ్ ఖాళీ ఫారం ఒకటి పట్రా, చేతులు మారినప్పుడు టైం వేసే గడి అసలుందో లేదో చూడాలి. లేకపోతే మీ సార్‌తో నేను మాట్లాడతా.

మీ పెద్దమ్మ