సాక్ష్యం వేరు, కథ వేరు తమ్ముడూ

హైదరాబాద్

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నువ్వు పంపిన రెండు కథలూ అందాయి. ముందు పెద్దదాని సంగతి. భోలక్‌పూర్ ఆటో డ్రైవరు, తాగుడు, అలిగి పుట్టింటికి పోయిన భార్య, ఏడేళ్ల కొడుక్కి డెంగీ, గాంధీ ఆస్పత్రిలో పాస్టరుగారి ప్రార్థన, ఆ రాత్రే జ్వరం దిగడం, తెల్లారేసరికి తండ్రికి మారుమనస్సు. మొదటి మూడు పేజీల్లో ఆటో ఉంది, గల్లీ ఉంది, మనిషి ఉన్నాడు. నాలుగో పేజీలో పాస్టరుగారు లోపలికి రాగానే వాళ్లంతా పక్కకి తప్పుకున్నారు, ప్రసంగం మొదలైంది.

ఈ ఇబ్బంది నీ ఒక్కడిదే కాదు. ప్రతి ఆదివారం వినే సాక్ష్యమే మనవాళ్లకి తెలిసిన మొదటి కథ. దాని వరస అందరికీ కంఠతా వచ్చు: ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి, ఇలా జరిగింది, ఇప్పుడు ఇలా ఉన్నాను. సంఘంలో దాని పని అది చక్కగా చేస్తుంది. కానీ సాక్ష్యం చెప్పేవాడు మైకు పట్టుకుని మన ఎదుటే నిలబడి ఉంటాడు. బతికాడని, మారాడని అతను నోరు తెరవకముందే తెలిసిపోతుంది. కథలో అలా ఎవరూ నిలబడి ఉండరు. ఆ పిల్లాడు బతుకుతాడో లేదో పాఠకుడికి నిజంగా తెలియకూడదు. నువ్వు నాలుగో పేజీలోనే చెప్పేశావు, మిగతా పది పేజీలు అతను మర్యాదకి చదివాడు.

బైబిలే ఈ విషయంలో మనకంటే ధైర్యంగా ఉంటుంది. లూకా 15వ అధ్యాయం చివర చూడు. తప్పిపోయిన కొడుకు ఇంటికొచ్చాడు, విందు జరుగుతోంది, పెద్దకొడుకు అలిగి బయటే ఉన్నాడు. తండ్రి వచ్చి బతిమాలతాడు. అక్కడితో సరి. వాడు లోపలికి వెళ్లాడో లేదో రాయలేదు. యోనా గ్రంథం ప్రశ్నతో ఆగిపోతుంది. ఎస్తేరు గ్రంథం హీబ్రూ పాఠంలో దేవుడి పేరే కనిపించదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ చెప్పలేదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ చదువు.

ఇక డెంగీ. నీ కథలో అసలు తప్పు ఇక్కడుంది, అసలు అవకాశమూ ఇక్కడే ఉంది. ప్రార్థన అయింది, జ్వరం దిగింది, గండం గడిచింది అని రాశావు. డెంగీలో లెక్క తలకిందులు. జ్వరం దిగేది సాధారణంగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, ప్రమాదం మొదలయ్యేదీ అప్పుడే. రక్తంలోని నీరు నాళాల నుంచి బయటికి కారుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, బీపీ జారిపోవచ్చు. ఆ 24 నుంచి 48 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, పిల్లాడు మగతగా పడి ఉండటం, ఇవి రాకూడని గుర్తులు. ఆస్పత్రిలో పనిచేసే ఎవరు చదివినా నీ కథని అక్కడే మూసేస్తారు. ఇప్పుడు ఆ నిజాన్ని కథలోకి రానివ్వు:

"సిస్టరమ్మా, జరం దిగింది! దేవుడు ఇన్నడు. ఇగ ఇంటికి తీస్కపోతం."
ఆమె చార్టు మీంచి తల ఎత్తలేదు. "ఇప్పుడే తీస్కపోవద్దు. రేపు ఎల్లుండి జెర చూడాలె."
"అయ్యగారు ప్రార్థన చేసిండు గదమ్మా."
"నేను గూడ చేసిన. అయినా బీపీ చూడాలె. ఆ చెయ్యి ఇటియ్యి బాబూ."

చూశావా, విశ్వాసం ఎక్కడికీ పోలేదు. ఇందాక ఒక్కడి దగ్గర ఉంది, ఇప్పుడు ఇద్దరి దగ్గర రెండు రకాలుగా ఉంది. ఆ రెండు రాత్రులు వరండాలో తండ్రి ఏం చేస్తాడు? తాగడానికి ఎన్నిసార్లు లేచి గేటుదాకా వెళ్తాడు? పక్క బెడ్డువాళ్లు తెచ్చిన బొప్పాయి ఆకు రసం పట్టించాలా వద్దా అని ఎవరిని అడుగుతాడు? నీ కథ ఆ వరండాలో ఉంది. పాస్టరుగారు వచ్చి వెళ్లిపోవచ్చు, ఆయనకి ఇంకో ఇద్దరు రోగులుంటారు.

రెండోది, మెదక్ కథ. మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారని సరిగ్గానే రాశావు. కానీ రాత్రి ఆరాధనలో రంగుటద్దాలు ధగధగా మెరిశాయని, ఆ వెలుగు కథానాయిక ముఖం మీద పడిందని రాశావు. రంగుటద్దానికి సొంత వెలుగు ఉండదు. అవతల ఎండ ఉంటేనే ఇవతల రంగు. రాత్రి లోపల కూర్చున్నవాళ్లకి అది నల్లటి పలక. లోపలి దీపాలకి రంగులు కనిపిస్తే బయట నిలబడినవాళ్లకి కనిపిస్తాయి. ఈ పొరపాటునే పనికి పెట్టుకో. క్రిస్మస్ ఆరాధన తెల్లవారుజామున మొదలవుతుంది, అప్పటికి కిటికీలు చీకటి. ప్రసంగం సాగుతుండగా ఒక్కో గాజుముక్కలో రంగు పుడుతుంది. నీ కథానాయిక క్షమించాలా వద్దా అని ఆలోచించేది ఆ గంటలోనే కదా. ఒకసారి బస్సెక్కి వెళ్లి ఆ గంట కూర్చుని రా. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు, ఫోన్లో ఫొటో చూసి రాసే పని కాదిది.

మాటల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బయటివాళ్లకి క్రైస్తవులంతా ఒకటే, మనకి కాదు. నీ కథలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరుగారు 'జ్ఞానస్నానం' ఇచ్చారు. ఆ మాట కతోలికులది, వాళ్లకి ఫాదరుగారు, పూజ, మరియమాత. సీఎస్ఐ, మెథడిస్టు ఇళ్లలో అయ్యగారు, అమ్మగారు, బాప్తిస్మం, సంస్కారం. అక్కడ పసిపిల్లలకి నీళ్లు చిలకరిస్తారు, పెద్దయ్యాక కన్ఫర్మేషన్ తీసుకుంటారు. బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్లు నమ్మాక నీళ్లలో ముంచి ఇస్తారు, కాబట్టి వాళ్ల కథలో తొట్టి, తడిబట్టలు, తువ్వాలు ఉండాలి. గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను మందిరంలాంటి చోట జనం కింద కూర్చుంటారు, ఆడవాళ్లు తలమీద ముసుగు వేసుకుంటారు, ఆరాధన తర్వాత ప్రేమవిందు ఉంటుంది. పాత్ర ఏ సంఘమో మొదటి పేజీ రాయకముందే తేల్చుకో. ఆ సంఘానికి వరసగా నాలుగు ఆదివారాలు వెళ్లు. నోట్‌బుక్ తీయకు. చెప్పులు ఎక్కడ విడుస్తారో, కానుకల సంచి ఎటునుంచి వస్తుందో, ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారో ఇంటికొచ్చాక రాసుకో.

మనవాళ్ల నోట్లో రెండు తెలుగులుంటాయి. ప్రార్థనలో గ్రాంథికం, బజారులో హైదరాబాదీ. "ప్రభువా, ఈ దినమున మమ్మును జ్ఞాపకము చేసికొనుము" అని కళ్లు మూసుకున్న తల్లి, కుక్కరు మూడో కూత వెయ్యగానే ఒక కన్ను తెరిచి "అరే, గ్యాస్ బంద్ జెయ్" అంటుంది, మళ్లీ కన్ను మూసి "తండ్రీ" అంటుంది. ఎగతాళి చెయ్యకుండా ఇది రాయగలిగితే మనిషి దొరికినట్టే. నువ్వు అందరిచేతా ఎప్పుడూ ప్రార్థన తెలుగే మాట్లాడించావు, ఆటో బేరం కూడా.

బైబిల్ వాక్యాలు మొత్తం కథకి రెండు మించనివ్వకు. నీ కథలో పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. ఉన్న రెండూ పాత్ర అవసరం కొద్దీ రావాలి, నీ అవసరం కొద్దీ కాదు. ఆటో వెనక "యెహోవా నా కాపరి" అని రాసి ఉండటం వాక్యం చెప్పడం కాదు, అది ఆ ఆటో రంగులాంటిదే. ఆ 23వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. ఒక ముసలమ్మ దాన్ని అప్పజెబుతూ నాలుగో వచనంలో, చీకటి లోయ దగ్గర, తడబడి ఆగిందనుకో. నువ్వు ఇంకేం వివరించనక్కర్లేదు.

కులం సంగతి నువ్వు తప్పించుకున్నావు. ఈ ఊళ్లో క్రైస్తవుల కథ రాస్తూ దాన్ని దాటేస్తే పాఠకుడికి తెలిసిపోతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వచ్చింది. క్రైస్తవానికి మారిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందికి వస్తారు, ఎస్సీ రిజర్వేషన్ ఉండదు. అందుకే కొన్ని ఇళ్లలో చర్చి రిజిస్టరులో దావీదు, కుల సర్టిఫికెట్లో నర్సింహ. ఉద్యోగం ఇంటర్వ్యూ రోజు ఆ మనిషి మెడలో సిలువ తీసి జేబులో వేసుకునే క్షణం ఒక నవలంత బరువు. అయితే నీకు తెలిసిన ఇంటిని తీసుకోకు. ఎవరో ఒకరు గుర్తుపట్టి ఫిర్యాదు పెడితే నీ కథ వల్ల ఒకరి ఉద్యోగం పోవచ్చు. ప్రార్థన కూడికలో చెప్పుకున్న కష్టాలకీ ఇదే నియమం, అవి నీకు ముడిసరుకు కావు. ఊరు, వయసు, వృత్తి మూడూ మార్చినా చెప్పుకున్న ఆవిడ చదివి తనే అని పోల్చుకుంటుందనిపిస్తే పక్కన పెట్టెయ్.

దీనికి జాషువాని చదువు. 1941లో 'గబ్బిలం' రాస్తే అందులో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంచేత కాశీలో శివుడికి కబురు పంపుతాడు. ఆయనే 'క్రీస్తు చరిత్ర' రాశాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రెండూ ఒకే చెయ్యి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూర్చుని చదువుకోవచ్చు, ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కోవచ్చు.

ఒక మాట కటువుగా చెప్తాను. "ఇది ప్రభువే నాతో రాయించాడు" అని ఉత్తరంలో రాశావు. ఆ మాట మోకాళ్ల మీద ఉన్నప్పుడు అనుకో, ఎడిటరుకి చెప్పకు. అలా చెప్పేవాళ్లు కామా కూడా కదపనివ్వరు. లూకా తన సువార్త మొదట్లో ఏమంటాడు? అన్నిటినీ మొదటినుంచి తరచి తెలుసుకుని వరసగా రాస్తున్నానంటాడు. తిరిగి, అడిగి, సరిచూసుకుని రాశాడు. నీ డెంగీ పేజీ ముందు ఆ నాలుగు వచనాలూ చదువుకో.

నవల సంగతి అడిగావు. పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర, రోజుకి 300 మాటలు, వారానికి అయిదు రోజులు చాలు. శనివారం క్వయిర్ ప్రాక్టీసు, ఆదివారం ఆరాధన, ఆ రెండు రోజులూ వదిలెయ్. వారానికి 1,500 చొప్పున ఆరు నెలల్లోపే 35 వేల మాటలు చేతికొస్తాయి. డెమీ 1/8 సైజులో పేజీకి 200 నుంచి 230 మాటలు పడతాయి కాబట్టి సుమారు 160 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు పది. పేజీల సంఖ్య ఎప్పుడూ ఫారానికి సరిపోయేట్టు చూసుకో, లేకపోతే ఖాళీ పేజీలకి కూడా డబ్బు కట్టాలి. ఆ ఖాళీలు నింపడానికే కాబోలు మన పుస్తకాల్లో నలుగురు అయ్యగార్ల ముందుమాటలుంటాయి. ఒకటి చాలు, అదీ రెండు పేజీలు దాటకుండా.

లోపలికి 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం, అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు సరిపోతుంది. ఉత్త జిగురు బైండింగు మన ఎండలకి ఎండి, పేజీలు ఊడతాయి. కుట్టించు, కొంచెం ఖర్చయినా సరే. నువ్వు యూనికోడ్‌లో ఇస్తావు, చాలామంది డీటీపీవాళ్లు దాన్ని అచ్చుపనికి వాడే అనూ ఫాంటులోకి మారుస్తారు. మార్పిడిలో జ్ఞ, క్ష్మలాంటి జంటక్షరాలు, ర వత్తులు ఊడిపోవడం మామూలే. కాబట్టి నీ ఫైలు సరిగ్గా ఉందన్న ధీమాతో ప్రూఫు వదిలెయ్యకు. మార్చాక వచ్చిన ప్రూఫుని కాగితం మీద మూడుసార్లు చూడు, మూడోసారి పైకి చదువు. పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్లో ఇస్తుంది. నంబరు అట్ట మీదికి ఎక్కాలి గనక అచ్చుకి ముందే దరఖాస్తు పెట్టు. బుక్ ఫెయిరూ క్రిస్మసూ మామూలుగా డిసెంబరులోనే. నవంబరు వచ్చిందంటే ప్రెస్సులన్నీ వాక్య క్యాలెండర్లు, డైరీలతో తలమునకలు, నీ పుస్తకాన్ని పట్టించుకునేవాడుండడు. సెప్టెంబరుకల్లా ఇచ్చెయ్. మొదటిసారి 300 కాపీలు మించొద్దు, మంచం కింద అట్టపెట్టెలు పేర్చుకున్నవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు.

అయ్యగారికి చూపించాలా అని కూడా అడిగావు. చూపించు, కానీ ఆయన ఒక్కరికే కాదు. ముగ్గురు చదవాలి. సంఘంలో ఒకరు, చర్చి గడప తొక్కనివారు ఒకరు, కథలోని పని చేతులతో చేసేవారు ఒకరు. అయ్యగారు "ఇందులో సందేశమేది?" అంటే వాదించకు. ఎక్కడ వెతికారో అడుగు, ఆయన చెప్పిన పేజీ నీకు పనికొస్తుంది.

డెంగీ కథ వరండా నుంచి మళ్లీ మొదలుపెట్టి రాయి, పది పేజీల్లో సరిపెట్టు. మీ చర్చిలో నర్సుగా చేసే అక్క ఎవరైనా ఉంటే ముందు ఆమెకి ఇచ్చి, చదువుతున్నప్పుడు ఎదురుగా కూర్చో. ఎక్కడ నవ్విందో, ఎక్కడ పేజీ వెనక్కి తిప్పిందో మార్జిన్లో గీత పెట్టి, ఆ గీతలు చెరపకుండా అదే కాపీ నాకు పంపు.

ప్రభువునందు,
మీ అన్న